బల్ల చల్లారే విరామం

మా ఊరి మగపిల్లల హైస్కూల్లో ఆడపిల్లల్ని కలపమని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. వాళ్ళు కలవకుండా చూడమని అంతకుముందే ఇంకో ఉత్తర్వు ఇచ్చి ఉంది. రెండూ హెడ్మాస్టరు పరాంకుశం గారి బల్ల మీద ఒకదానిమీద ఒకటి ఉండేవి. ఆయన క్రమశిక్షణ గల మనిషి. ఏ ఉత్తర్వునైనా ధిక్కరించడం ఆయనకు చేతకాదు. అందువల్ల రెండింటినీ ఒకేసారి అమలు చేయాలని నిశ్చయించుకున్నారు.

మా పెదగొల్లవరంలో మొన్నటిదాకా ఆడపిల్లలకు వేరే హైస్కూలు ఉండేది. పిల్లలు తగ్గిపోయారని చెప్పి దాన్ని మూసేశారు. మగపిల్లల బడి గేటు మీద ఉన్న 'బాలుర ఉన్నత పాఠశాల' అన్న బోర్డుకు 'మరియు బాలికల' అని కొత్తగా రాయించారు. నేను అక్షరాలు దిద్దుకున్నది తల నెరిశాక కాబట్టి బోర్డు కనపడితే ఆగి చదవడం నాకు అలవాటు. 'బాలుర' అన్న మాటకూ 'బాలికల' అన్న మాటకూ మధ్య జానెడు ఖాళీ వదిలారు. ఆ ఖాళీలో నిలువుగా ఒక గీత గీశారు. బోర్డు మీద కూడా ఒకరికొకరు తగలకుండా జాగ్రత్త పడ్డారన్నమాట.

మా మనవరాలు స్వర్ణ ఏడో తరగతి పాసయింది. ఒక ప్రశ్న పుట్టిందంటే జవాబు దొరికేదాకా అన్నం ముట్టని పిల్ల. మా కోడలు పొగాకు కంపెనీలో గ్రేడింగ్ పనికి పోతుంది. ఆ దుమ్ములోకి తన బిడ్డ రాకూడదని, ఎంతవరకు చదివితే అంతవరకూ చదివించాలని దాని పట్టుదల. మా అబ్బాయి వెంకటరత్నం నీళ్ళ ట్యాంకరు తోలతాడు. వాడి పట్టుదల ఇంకోరకం.

"అమ్మా, నేను చదివియ్యనంటంలా. మగపిల్లలు లేని బడి చూపియ్యి, రేప్పొద్దున్నే చేరుస్తా" అన్నాడు.

"ఊళ్ళో ఉంది అదొక్కటే గదరా."

"అయితే మా అత్త కాడ మిషను కుట్టడం నేర్చుకుంటది."

అప్పటికి స్వర్ణ, పక్కింటి హర్ష మా ప్రహరీ గోడ మీద కూర్చుని నేరేడుపళ్ళు తింటున్నారు. ఇద్దరి నాలుకలూ ఊదారంగులో ఉన్నాయి. ఎవరిది ఎక్కువ ఊదాగా ఉందో చూపించుకుంటున్నారు. హర్ష కూడా ఎనిమిదో తరగతికే రావాలి.

"మరి వీళ్ళ సంగతేందిరా?" అని అడిగాను.

మావాడు గోడ వైపు చూశాడు. "అది గోడమ్మా. ఇది బడి. గోడ మీద ఎవురు చెడిపోతారు?" అన్నాడు.

ఆ వారమే ఆటోకు మైకు కట్టి ఊరంతా చెప్పారు. కొత్తగా చేరబోయే పిల్లలకూ వాళ్ళ పెద్దలకూ పాఠశాల పరిచయ సభ జరుగుతుందని, అందరూ రావాలని. మావాణ్ణి బతిమాలాను. వచ్చి వింటానన్నాడు. విన్నాక అక్కడే తేల్చేస్తానన్నాడు. పంపటమో, మిషనో.

సభ రోజున బడి గేటుకు నడుమ కొబ్బరితాడు కట్టి ఉంది. డ్రిల్లు మాస్టారు జాకబ్ గారు ఈల మెడలో వేసుకుని తాడు దగ్గర నిలబడ్డారు.

"అవ్వా, మీరు బాలుర తరఫా, బాలికల తరఫా?"

"మనవరాలి తరఫు నాయనా."

"అయితే తూర్పు ద్వారం."

"ఇది తూర్పు గేటే గదా?"

"ఇది తూర్పు గేటులో పడమటి భాగం. తాడు దాటి అటు నుంచి రండి."

తాడు కింద నుంచి దూరబోతే ఈల ఊదారు. వెనక్కి పోయి, రోడ్డు మీదకు వెళ్ళి, తాడుకు అటువైపు నుంచి వచ్చాం. మా వెనకాల ఒకాయన కొడుకునూ కూతుర్నీ ఇద్దరినీ తీసుకొచ్చాడు. ఆయన కొడుకును ఒకవైపు నుంచి లోపలికి పంపి, బయటికి వచ్చి, కూతురితో రెండోవైపు నుంచి వెళ్ళాడు. తరవాత తాను ఎటు కూర్చోవాలో తెలియక సభ అయిందాకా గుమ్మంలోనే నిలబడ్డాడు.

హాలు మధ్యలో వార్షికోత్సవ నాటకాల తెర వేలాడదీశారు. దాని మీద రాజుగారి దర్బారు, రెండు నెమళ్ళు ఉన్నాయి. తెరకు ఎడమపక్క ఆడపిల్లల వాళ్ళం, కుడిపక్క మగపిల్లల వాళ్ళు. పిల్లల్ని బయట రెండు చెట్ల కింద, చెట్టుకొక జాతి చొప్పున, నిలబెట్టారు. వేదిక మీద తెర అంచు దగ్గర, రెండు పక్కలా కనపడేట్టు, జిల్లా నుంచి వచ్చిన ఉప విద్యాశాఖాధికారిణి అమరేశ్వరి గారు కూర్చున్నారు. ఈ బడిలో సహవిద్య సక్రమంగా ఉందని ఆమె ధ్రువీకరిస్తేనే ఆడపిల్లల్ని చేర్చుకోవడానికి అనుమతి వస్తుంది. అంటే పరాంకుశం గారు అటు అధికారికి కలిపినట్టు చూపించాలి, ఇటు తండ్రులకు కలపనట్టు చూపించాలి. ఒకే హాల్లో, ఒకే మైకులో.

ఆయన లేచి గొంతు సవరించుకున్నారు.

"తల్లిదండ్రులారా! సహవిద్య అనెడి మహత్తర ఆశయాన్ని ఈ పాఠశాల సంపూర్ణంగా అమలు జరుపనున్నదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాను. ఇచ్చట బాలురకునూ బాలికలకునూ ఒకే పాఠశాల. ఒకే గది. ఒకే బల్ల. ఒకే ఉపాధ్యాయుడు. ఒకే పాఠం."

అమరేశ్వరి గారు తల ఊపారు. మా పక్కన కుర్చీలు కిర్రుమన్నాయి. మావాడు సగం లేచి నా చెయ్యి పట్టుకున్నాడు. "పదమ్మా, తేలిపోయింది."

పరాంకుశం గారు అరచెయ్యి పైకెత్తారు. "ఒకే సమయం మాత్రం కాదు."

మావాడు కూర్చున్నాడు.

విషయం ఏమిటంటే, ప్రతి పీరియడునూ రెండుగా కోస్తారు. మొదటి సగం ఆడపిల్లలు గదిలో ఉంటే మగపిల్లలు మైదానంలో ఉంటారు. రెండో సగం మగపిల్లలు గదిలోకి వస్తే ఆడపిల్లలు వెనక వరండాలోకి పోతారు. బల్ల అదే, మాస్టారు అదే. తాళంచెవి ఒకటే ఉన్న ఇంట్లో ఇద్దరు అద్దెకున్నట్టు.

"ప్రశ్నలున్నచో నిస్సంకోచంగా అడగవచ్చును" అన్నారు.

కిరాణా కొట్టు ఆదిశేషయ్య లేచాడు. ఆయనకు ఇద్దరు కూతుళ్ళు. "సార్, ఆడపిల్లలు లేచిన బల్ల మీదే మగపిల్లలు కూర్చుంటారంటిరి. బల్ల వెచ్చగా ఉండదా?"

ఎవరైనా నవ్వుతారేమోనని చూశాను. ఎవరూ నవ్వలేదు. హాలంతా ఆ వెచ్చదనం గురించి ఆలోచనలో పడింది.

"అత్యంత సమంజసమైన ప్రశ్న" అన్నారు పరాంకుశం గారు. "ఈ విషయమై ఇప్పుడే నిర్ణయం తీసుకోవడమైనది. రెండు సగముల నడుమ బల్ల చల్లారే విరామం ఒకటి ఉండును. మా అటెండరు పోలయ్య బల్ల మీద అరచేయి ఆనించి, చల్లారినదని ధ్రువీకరించిన పిదపనే బాలురను లోనికి అనుమతిస్తాము."

తెర అవతల నుంచి హర్షవాళ్ళ నాన్న మాలకొండయ్య గొంతు వినపడింది. బజారులో టిఫిను బండి నడుపుతాడు. "ఎండల్లో ఎట్టా సార్? మా పెనం కంటే మీ బల్లే ఎక్కువ కాల్తది. మావాళ్ళు సాయంత్రందాకా మైదానంలోనే ఉండాలా?"

"వేసవిలో తడిగుడ్డ వేయబడును."

ఇంకొకాయన, "నల్లబల్ల మీద ఆడపిల్లలు రాసింది తుడవకపోతే మగపిల్లలు చదవరా?" అన్నాడు.

"చదువుతారు. బాలిక చేతిరాతను బాలుడు చదివినచో అది ఉత్తరప్రత్యుత్తరముల కిందికి వచ్చును. కావున బాలికలు నల్లబల్లపై వ్రాయరు. వేలితో గాలిలో వ్రాస్తారు. గాలిలో వ్రాసినది మిగలదు."

"హాజరు పిలిస్తే ఆడపిల్లల పేర్లు మైదానం దాకా వినపడవా?"

"పేర్లు పిలువబడవు. వచ్చినదీ రానిదీ ఉపాధ్యాయుడు మనసులో అనుకుంటాడు."

ఒక్కో జవాబుకూ మావాడి భుజాలు కాస్త కాస్త కిందికి దిగుతున్నాయి. నాకు సంతోషంగానే ఉంది. బల్ల చల్లారితే నాకేం, చల్లారకపోతే నాకేం, స్వర్ణ దాని మీద కూర్చుంటే చాలు. ఇక ఎవరూ ఏమీ అడక్కుండా ఉంటే బాగుండునని అనుకుంటున్నాను. అంతలో మావాడే లేచాడు. నేను చొక్కా పట్టి లాగాను. ఆగలేదు.

"సార్, పాఠం ఒకటేనంటిరి. మాస్టారు మా పిల్లకు చెప్పిన మాటే, బల్ల చల్లారినాక, ఆ మగపిల్లాడికీ చెప్తాడు. అంటే మా పిల్ల బుర్రలో ఉన్న మాటే వాడి బుర్రలోనూ ఉంటది. మనుషులు కలవకపోయినా, లోపల కలిసినట్టే గదా?"

పక్కనున్న తండ్రులంతా మావాడి వైపు మెచ్చుకోలుగా చూశారు. ఇంత దూరం ఎవరికీ తోచలేదు. ఆదిశేషయ్య "అదీ!" అని తొడ చరిచాడు.

పరాంకుశం గారు ఫ్యాను వైపు చూశారు. నేల వైపు చూశారు. లెక్కల మాస్టారు త్రినాథ్ గారిని పక్కకు పిలిచి గుసగుసలాడారు. తిరిగి మైకు దగ్గరికి వచ్చేటప్పటికి ఆయన ముఖం వెలిగిపోతోంది.

"పాఠమును సైతం విభజించడమైనది. మొదటి సగం బాలికలకు. మిగిలిన సగం బాలురకు. పాఠం ఒకటే. కానీ ఏ మాటా రెండుమార్లు పలుకబడదు. ఏ మాటా ఇరువురి చెవినా పడదు. పైపెచ్చు, సిలబస్ సగం కాలంలో పూర్తగును."

త్రినాథ్ గారు చప్పట్లు కొట్టారు. అమరేశ్వరి గారు అద్దాలు సవరించుకుని, "ఒకే పాఠశాల, ఒకే గది, ఒకే బల్ల, ఒకే ఉపాధ్యాయుడు, ఒకే పాఠం. ఉత్తర్వులోని అంశములన్నియూ నెరవేరినవి. ఇది రాష్ట్రమంతటికీ ఆదర్శప్రాయం" అన్నారు.

"ఇప్పుడు బాగుందమ్మా" అన్నాడు మావాడు నాతో, పని చక్కబెట్టిన వాడిలాగా.

అంతా అక్కడితో ముగిసేదే. కానీ అధికారిణి ప్రదర్శన పాఠం చూపమన్నారు.

బల్ల తెచ్చి వేదిక మీద వేశారు. చెట్టు కింద నుంచి ముందుగా నలుగురైదుగురు ఆడపిల్లల్ని పిలిచారు. అందులో స్వర్ణ ఉంది. త్రినాథ్ గారు చాక్‌పీసు పట్టుకుని మొదలుపెట్టారు.

"ఒక తొట్టి ఉన్నది. ఒక కుళాయి విప్పితే ఖాళీ తొట్టి ఆరు గంటల్లో నిండుతుంది. అదే తొట్టికి మరొక కుళాయి..."

జాకబ్ గారు ఈల వేశారు. సగం అయిపోయింది. ఆడపిల్లలు లేచారు. స్వర్ణ మాత్రం నోరు తెరిచి మాస్టారి వైపే చూస్తూ కూర్చుంది. రెండోసారి ఈల వేస్తేగాని లేవలేదు. మిగతా పిల్లలతోపాటు మళ్ళీ చెట్టు కిందికి పోయింది గానీ, మనసంతా ఆ రెండో కుళాయి దగ్గరే ఉందని నాకు తెలుస్తూనే ఉంది.

పోలయ్య వచ్చి బల్ల మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. సభంతా ఊపిరి బిగబట్టింది.

"ఇంకా లేదు సార్."

ఆగాం. బయట ఏదో లారీ పోయింది. పోలయ్య చెయ్యి మార్చి చూశాడు.

"ఇప్పుడు చల్లారింది."

మగపిల్లలు వచ్చి కూర్చున్నారు. ముందు వరసలో హర్ష. త్రినాథ్ గారు ఆపిన చోటి నుంచే అందుకున్నారు.

"... విప్పితే, నిండు తొట్టి ఎనిమిది గంటల్లో ఖాళీ అవుతుంది. పాఠం సమాప్తం."

మగపిల్లల్ని తెరకు కుడిపక్కకు పంపించి, ఆడపిల్లల్ని చెట్టు కింద నుంచి ఎడమపక్కకు పిలిచారు. అమరేశ్వరి గారు లేచి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "రెండు కుళాయిలూ ఒకేసారి విప్పితే తొట్టి ఏమవుతుంది?"

"నిండుద్ది మేడం!" అన్నారు ఆడపిల్లలు.

"ఖాళీ అవుద్ది మేడం!" అన్నారు మగపిల్లలు.

చెప్పిన పాఠానికి తగ్గ జవాబులే. కానీ తండ్రులు ఊరుకోలేదు. ఆదిశేషయ్య తెర మీద ఉన్న రాజుగారి వైపు చెయ్యి చాచి, "మా పిల్లలు కష్టపడి నింపితే మీరెందుకయ్యా ఖాళీ చేస్తారు?" అన్నాడు. రాజుగారి వెనక నుంచి మాలకొండయ్య, "మావాళ్ళకు ఖాళీ చెయ్యమనే చెప్పారు. చెప్పిన పని చేశారు" అన్నాడు.

"మగోళ్ళకు అది చెప్పాలా, పుట్టుకతోనే వస్తది" అందొక తల్లి. ఆడవాళ్ళందరూ పైట అడ్డం పెట్టుకుని నవ్వారు. జాకబ్ గారికి ఎవరి మీద ఈల వెయ్యాలో తెలియలేదు.

అమరేశ్వరి గారు స్వర్ణ వైపు వేలు చూపించారు. "నువ్వు చెప్పమ్మా. నువ్వెందుకు అందరితో అనలేదు?"

"మేడం, రెండో కుళాయి ఏం చేస్తదో మాకు చెప్పలా. ఒక్క కుళాయైతే ఆరు గంటలే. కానీ రెండోది ఊరికే ఉండదు గదా మేడం? ఊరికే ఉండేదైతే మాస్టారు దాని మాట ఎత్తరు గదా?"

"అంటే సమాధానం తెలియదు."

"సగం తెలియదు మేడం."

అధికారిణి పక్కనున్న గుమాస్తాకు చెప్పి రాయించారు. మైకు ఆపలేదు కాబట్టి అందరికీ వినపడింది. "విద్యార్థినికి అంశముపై సమగ్ర అవగాహన లోపించినది. ఎనిమిదో తరగతికి అనర్హురాలు. ఆరో తరగతిలో పునఃప్రవేశం సిఫారసు చేయడమైనది. బాలుర సమాధానమున స్థిరత్వమున్నది."

స్వర్ణ ఏడవలేదు. కానీ కింది పెదవి లోపలికి లాగేసుకుంది. వాళ్ళ నాన్న కూడా చిన్నప్పుడు దెబ్బ తగిలితే అలాగే చేసేవాడు.

వాళ్ళ నాన్న లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

"ఆరో తరగతా? నా బిడ్డకా? ఏడులో ఫస్టు వచ్చింది నా బిడ్డ! మీరు సగం చెప్పి మొత్తం అడిగితే ఎట్టా చెప్తది?"

"వెంకటరత్నం గారూ, ఈ విధానం తమరు కోరినదే కదా" అన్నారు పరాంకుశం గారు, ఎంతో మర్యాదగా.

నిజం చెప్పొద్దూ, నాకు మావాడి మీద జాలేసింది. ఇప్పుడు కోపంగా బయటికి నడిచేస్తే స్వర్ణకు మిషనే గతి. నేను వాడి ముఖం వైపే చూస్తున్నాను. వాడు స్వర్ణ వైపు చూశాడు. స్వర్ణ తెర వైపు చూస్తోంది.

"మిగతా సగం ఎవురి కాడుంది?" అన్నాడు చివరికి.

"బాలుర వద్ద."

"అయితే అడగనియ్యండి."

"ఎవరిని?"

"అదే... ఆ అబ్బాయిని."

"అడిగేది ఎవరు?"

మావాడు తల వంచుకుని, మెల్లగా, "మా పిల్ల" అన్నాడు.

జాకబ్ గారు ఈల నోట్లో పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. తండ్రులు మావాడి వైపు ఇప్పుడు మెచ్చుకోలుగా చూడటం లేదు. పరాంకుశం గారు చెమట తుడుచుకున్నారు. ఆడపిల్ల జవాబు చెప్పకపోతే ఎనిమిదో తరగతికి అధికారి అనుమతి ఇవ్వరు. అడగనిస్తే తండ్రులు పిల్లల్ని చేర్చరు. ఎటు చూసినా ఆడపిల్లలు ఉండరు. ఆయన జేబులోంచి పాత ఉత్తర్వు తీసి, పైనుంచి కిందికి, కింద నుంచి పైకి చదివారు.

"బాలబాలికలు నేరుగా సంభాషించరాదు అని ఉన్నది" అన్నారు. "నేరుగా అని ఉన్నది. ఉభయపక్షములకూ చెందని తటస్థ వ్యక్తి ఒకరు మధ్యన ఉండి, ఒకరి మాటను మరొకరికి చేరవేసినచో అది నేరుగా కానేరదు."

"తటస్థ వ్యక్తి ఎవరు?" అన్నారు అమరేశ్వరి గారు.

వెతికారు. మాస్టార్లు మగవాళ్ళు కాబట్టి బాలుర పక్షం. అధికారిణి ఆడమనిషి కాబట్టి బాలికల పక్షం. పోలయ్య మగవాడే గాక, బల్ల పని ఒకటి ఉంది. పరాంకుశం గారి చూపు కుర్చీలన్నీ తిరిగి నా మీద ఆగింది.

"అవ్వగారు విధవరాలు. వయోవృద్ధురాలు. స్థితిరీత్యా, వయసురీత్యా ఏ పక్షమునకూ చెందనివారుగా పరిగణించవచ్చును."

నేను ఆడదాన్ని కాకుండా పోయానని ఆ రోజే తెలిసింది. ఎదురుగా నిలబడ్డ ఆ ట్యాంకరు డ్రైవరును కన్నది ఎవరని అడుగుదామనుకున్నాను. స్వర్ణ సీటు పోతుందని ఊరుకున్నాను.

తెర చివర నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నాకు ఎడమపక్క స్వర్ణ. కుడిపక్క హర్ష. ఇద్దరికీ మధ్య నా భుజాల వెడల్పే దూరం.

"నాయనమ్మా, రెండో కుళాయి ఏం చేస్తదో అడుగు" అంది స్వర్ణ.

నేను అటు తిరిగాను. "అబ్బాయ్, రెండో కుళాయి ఏం చేస్తదంట?"

"నిండు తొట్టిని ఎనిమిది గంటల్లో ఖాళీ చేస్తది అవ్వా."

"అయితే అది పోయే కుళాయా! నేను అనుకుంటానే ఉన్నా!" అంది స్వర్ణ.

ఈల మోగింది. "అవ్వగారు ఇటు తిరిగి చెప్పకముందే వినడం కుదరదు!" అన్నారు జాకబ్ గారు.

నేను ఇటు తిరిగి, "ఖాళీ చేస్తదంటమ్మా" అన్నాను. స్వర్ణ అప్పుడే విన్నట్టు ముఖం పెట్టి, "ఆహా" అంది.

"అయితే కసాగు కట్టమను నాయనమ్మా. ఆరుకీ ఎనిమిదికీ."

"కసాగు కట్టాలంట."

"ఇరవై నాలుగు అవ్వా. తొట్టిలో ఇరవై నాలుగు బిందెలు పడతాయి అనుకోమను."

"ఇరవై నాలుగు బిందెలు..."

"అయితే గంటకి నాలుగు బిందెలు వస్తాయి!"

"మూడు పోతాయి!"

"ఒకటి మిగులుద్ది!"

నేను అటు తిరిగేలోపల మాట ఇటు వచ్చేస్తోంది. ఇటు తిరిగేలోపల అటు పోతోంది. గాలికి ఆరేసిన గుడ్డలా మెడ అటూ ఇటూ ఊగింది. చివరికి ఎటూ తిరగలేక, ముందుకు చూస్తూ, నోరు తెరిచి, తెరిచిన నోటిని ఆడిస్తూ కూర్చున్నాను. రెండు పక్కల నుంచీ ఒకేసారి వచ్చింది.

"ఇరవై నాలుగు గంటల్లో నిండుద్ది!"

త్రినాథ్ గారు వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకుని తల ఊపారు.

"ఎవరు చెప్పారు?" అన్నారు అమరేశ్వరి గారు.

పరాంకుశం గారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "అవ్వగారు."

"భేష్" అన్నారామె, నా నోటి వైపు చూస్తూ. నేను నోరు మూసుకున్నాను.

అంతా సర్దుకుంటున్న సమయంలో మాలకొండయ్య తెర పక్కకు తొలగించి తల బయటపెట్టాడు. పక్కింటివాడు కదా, ఊరుకోడు. "ఏం రత్నం, మీ పిల్ల మావాడితో మాట్టాడినట్టుందే? నువ్వు ఇందాకటిదాకా ఏందో చెప్పావు, లోపల కలవటం, బయట కలవటం అని!"

ఆదిశేషయ్య ఇటు చూశాడు. తండ్రులంతా ఇటు చూశారు. అమరేశ్వరి గారి కలం గాలిలో ఆగింది. స్వర్ణ నా చీరకొంగు పట్టుకుని గట్టిగా నలిపేస్తోంది. నేను మావాడి వైపు చూడలేదు. చూస్తే అడిగినట్టుంటుంది.

మావాడు పడిపోయిన కుర్చీ ఎత్తి నిలబెట్టాడు. దుమ్ము దులిపాడు.

"ఎవురు మాట్టాడారు?" అన్నాడు. "మా పిల్ల నోరు విప్పిందా? మీవాడు విప్పాడా? మాట్టాడింది మాయమ్మ. అందరూ విన్నారు. హెడ్మాస్టరు గారే చెప్పారు."

తరవాత పరాంకుశం గారి వైపు తిరిగి, "నా బిడ్డను రాసుకోండి సార్. ఎనిమిదో తరగతి" అన్నాడు.

ఆదిశేషయ్య కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అవ్వ రోజూ వస్తదా సార్?" అని అడిగాడు. వస్తుందన్నారు. నన్నెవరూ అడగలేదు. ఆయన కూడా ఇద్దరు కూతుళ్ళనూ రాయించాడు. ఆయన వెనక మిగతావాళ్ళు.

బడి మొదలైంది. అవ్వ ఉంటే ఇక ఇద్దరినీ ఒకే సమయంలో కూర్చోబెట్టినా నేరుగా కాదని పరాంకుశం గారు తేల్చారు. అందువల్ల పీరియడు మళ్ళీ ఒక్కటైంది, పాఠమూ ఒక్కటైంది. పోలయ్యకు పాపం ఇంకో పని చూపించాల్సి వచ్చింది. ఎనిమిదో తరగతి గది నడుమ నాకొక చేతుల కుర్చీ వేశారు. జలుబు చేసి ఒకరోజు పోకపోతే ఎనిమిదో తరగతికి సెలవు ఇచ్చేశారు. ఊరూరా చెబుతున్నారట, పెదగొల్లవరం బడిలో ప్రయోగశాల, గ్రంథాలయం, అవ్వ ఉన్నాయని. జిల్లా నుంచి ఇంకో రెండు బడుల వాళ్ళు వచ్చి నన్ను చూసిపోయారు. వాళ్ళ ఊళ్ళలో తగిన ముసలివాళ్ళు దొరకడం కష్టంగా ఉందన్నారు. ఉన్నవాళ్ళంతా ఇళ్ళలో వంటలు చేస్తున్నారట.

మొన్న మధ్యాహ్నం సాంఘికశాస్త్రం పీరియడులో, ఫ్యాను గాలికి, కుర్చీలోనే నాకు కునుకు పట్టింది. ఎంతసేపు నిద్రపోయానో తెలియదు. మెలకువ వచ్చేసరికి గది హోరెత్తిపోతోంది. నదులు ఎటు పారతాయని స్వర్ణ అంటుంటే, ఎందుకు పారతాయని హర్ష అంటున్నాడు. ఆదిశేషయ్య చిన్నకూతురు ఇంకెవరితోనో కాలువ నీళ్ళ గురించి పోట్లాడుతోంది. కిటికీ అవతల జాకబ్ గారు నిలబడి వింటున్నారు. ఈల జేబులో ఉంది.

నాకు భయం వేసింది. "ఏందే, నేను నిద్రపోతుంటే మీరంతా ఎట్టా మాట్టాడుకుంటన్నారు?" అన్నాను.

స్వర్ణ నా వైపు తిరిగింది. "మేం ఎక్కడ మాట్టాడాం నాయనమ్మా? ఇందాకటి నుంచీ నువ్వే మాట్టాడతన్నావు. ఒక్క నిమిషం కూడా ఆపలా. మళ్ళీ పడుకో, కృష్ణా నది సగంలో ఉంది."

విధి నిర్వహణలో లోపం రాకూడదు కదా. కళ్ళు మూసుకున్నాను.